వాగు మధ్యలో హాఫ్‌టికెట్టు

చివరి రోజు పొద్దున్నే నా బూటు నోరు తెరిచింది. కుడికాలి బూటు అడుగు ముందు నుంచి సగం దాకా ఊడిపోయి, నడిచినప్పుడల్లా టపటపా కొట్టుకుంటోంది. నేను బట్టలు సరిచేసే దుకాణం నడుపుకునేదాన్ని. ఒకరి నడుము పెరిగితే నాకు పని, తగ్గితే నాకు పని. సూదీ దారం లేకుండా గడప దాటను. కానీ ఆ బూటు అడుక్కి నా సూది దిగితే కదా! చివరికి గంట నాలుకకి చుట్టి ఉంచిన గుడ్డపీలిక విప్పి బూటుకి బిగించి కట్టాను. గంటని తువ్వాల్లో చుట్టి సంచీ జేబులో పెట్టాను. గంట సంగతి తర్వాత చెబుతాను.

"నువ్వు ముందు నడవ్వే" అంది మా వదిన. "నీ నడకని బట్టి నేను నడుస్తా. లేకపోతే నేనెక్కడో, నువ్వెక్కడో. సాయంత్రం బస్సు తప్పిందంటే మళ్లీ రేపటిదాకా లేదు."

చూడ్డానికి చాలా చిన్న మార్పు. ఆ అడవి బాటలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ వదిన ముందు, ఆవిడ మడమల వెనక కుక్క, అందరికంటే వెనక నేను. ఆ రోజు నేను ముందుకొచ్చాను, వదిన నా వెనక్కి వచ్చింది. కుక్క మామూలుగానే వదిన వెనక నడిచాడు. అంటే కుక్క వెనక ఎవరూ లేరు. అన్ని రోజులు అన్ని కొండలు ఎక్కి దిగినవాళ్లం, ఈ ముక్క ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ మార్పే మా కొంప ముంచబోయింది. అందుకే వదిన ఎలాంటిదని ఎవరైనా అడిగితే నేను ఆ రోజు నుంచే మొదలుపెడతాను.

వదిన సిటీ బస్సు డ్రైవరు. రైల్వే స్టేషన్లో బయల్దేరి, ఆస్పత్రి మీదుగా, మిల్లు గేటు దాకా ఒకటే రూటు, వయసంతా. మా అన్నయ్య ఆవిడ బస్సులో ప్రయాణికుడు. తన స్టాపులో దిగకుండా చివరిదాకా వెళ్లేవాడు. "చివరి స్టాపు, దిగండి!" అని ఆవిడ అరవడం, ఈయనగారు వినపడనట్టు కూర్చోవడం. అలా కూర్చుని కూర్చుని పెళ్లిదాకా తెచ్చుకున్నాడు. ఇప్పటికీ అన్నయ్య పొద్దున్నే లేవకపోతే వదిన గది గుమ్మంలో నిలబడి అదే కేక పెడుతుంది.

ఆవిడ బస్సు నడపడంలో ఒక సిద్ధాంతం ఉంది. "ముందున్న రోడ్డు నాది, వెనకున్న జనం కండక్టరుది" అనేది. ఎక్కేవాళ్లు ఎక్కారో లేదో, ఫుట్‌బోర్డు మీద ఎవరైనా వేలాడుతున్నారో లేదో ఆవిడ తిరిగి చూసేది కాదు. ఆవిడ తలపైన ఒక ఇత్తడి గంట, దానికి కట్టిన తాడు బస్సు చివరిదాకా. కండక్టరు ఒకసారి లాగితే గంట ఒకసారి మోగుతుంది, ఆపాలి. రెండుసార్లు మోగితే పోనివ్వాలి. ఆ రెండో మోతకి ఆవిడ పాదం దానంతటదే కదిలేది. మెదడుదాకా కబురు వెళ్లే పనే లేదు. ఇంట్లోనూ ఇదే వరస. అందరం కలిసి ఎక్కడికైనా బయల్దేరితే ఆవిడ ముందు నడిచి వెళ్లిపోయేది. తాళం వేశామా, పొయ్యి ఆర్పామా, గొడుగు తెచ్చామా అన్నది వెనకున్నవాళ్ల తలనొప్పి. వెనకున్నది ఎప్పుడూ నేనే. నాకెంత ఒళ్లు మండేదో చెప్పలేను.

ఇక కుక్క. వాడు బస్సు డిపోలో, తుక్కు కింద పక్కన పడేసిన బస్సు అడుగున పుట్టాడు. టికెట్టు లేకుండా ప్రతి బస్సూ ఎక్కి కూర్చునేవాడని కండక్టర్లు వాడికి హాఫ్‌టికెట్టు అని పేరు పెట్టారు. డ్రైవర్ల విశ్రాంతి గదిలో ఇనప మంచాల కింద, తడి రెయిన్‌కోట్ల వాసనలో పెరిగాడు. మెకానిక్కులు బస్సుల గంటలు పరీక్షించేటప్పుడు వాడితో ఆటాడేవాళ్లు. ఒకసారి మోగితే కూర్చోవాలి, ఒక బిస్కెట్టు ముక్క. రెండుసార్లు మోగితే లేచి రావాలి, ఇంకో ముక్క. ఆట కాస్తా వాడికి చట్టమైపోయింది. ఓసారి వాడు గ్యారేజీ మధ్యలో కూర్చుని ఉండగా ఒక బస్సు రివర్సులో వచ్చి, వాడి తోక దగ్గర ఆగింది. వాడు కదల్లేదు, రెండుసార్లు మోగలేదు కాబట్టి. వదిన ఇంటికొచ్చి ఈ కథ చెప్పినప్పుడు మేమంతా పడీపడీ నవ్వాం.

వదిన ఉద్యోగం ముగిసిన రోజున డిపోవాళ్లు ఆవిడ బస్సు గంట విప్పి చేతికిచ్చారు. కొత్త మేనేజరుకి కుక్కలంటే పడదని హాఫ్‌టికెట్టుని కూడా అంటగట్టారు. ఆ తర్వాత ఇంట్లో ఆవిణ్ని చూడటం కష్టమైంది. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ, ఎవరైనా అడ్డంగా రోడ్డు దాటితే కుడికాలితో నేలని తొక్కేది. అక్కడ గచ్చు మీద నల్లటి మరక పడింది. ఒకరోజు ఉన్నట్టుండి, "స్టాపులు లేని దారిలో ఒక్కసారి నడవాలనుంది" అంది. అడవిలోంచి, కొండల మీదుగా వెళ్లే ఆ పొడుగు బాట గురించి ఎక్కడ విందో మరి. అన్నయ్యకి మోకాళ్ల నొప్పులు. నన్ను పక్కకి పిలిచి, "నువ్వు వెళ్లవే. మీ వదిన ముందుకే చూస్తుంది. వెనక ఎవరో ఒకరు ఉండాలి" అన్నాడు. ఇంకెవరుంటారు? నేనే.

అలా గంట నా సంచీకెక్కింది. వాగు వచ్చినప్పుడల్లా ఒకటే పద్ధతి. నేను ఒకసారి మోగిస్తే హాఫ్‌టికెట్టు ఈ ఒడ్డున కూర్చుంటాడు, మా కాళ్లకి అడ్డం పడకుండా. మేమిద్దరం దాటాక అవతల నుంచి రెండుసార్లు మోగిస్తే దూకి ఈదుకుంటూ వచ్చి, ఒళ్లు దులిపి మమ్మల్ని మళ్లీ తడిపేవాడు. వాడి వీపు మీదికి పాత బస్సు సీటు రెగ్జిన్‌తో రెండు వైపులా జేబుల సంచీ నేనే కుట్టాను, ఎత్తడానికి పైన ఒక పట్టీతో సహా. అందులో వాడి తిండి వాడే మోసుకునేవాడు. ఆ గుంపులో ఫిర్యాదు లేకుండా బరువు మోసింది వాడొక్కడే.

చివరి వాగు మధ్యాహ్నం దాటాక వచ్చింది. మధ్యలో ఒక పెద్ద చదును బండ, దానికి ఇటూ అటూ రెండు పాయలు. మొదటి పాయ చీలమండల్లోతు. ముగ్గురం బండ మీదికి చేరాం. రెండోది మోకాళ్లదాకా ఉంది, వేగంగా ఉంది. పై కొండల మీద ఆకాశం నల్లగా దిగిపోయి ఉంది. నేను తువ్వాల్లోంచి గంట తీసి ఒకసారి మోగించాను. హాఫ్‌టికెట్టు బండ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ కర్రకి కావాలి కాబట్టి గంటని సంచీ కొక్కేనికి తగిలించి, పాయలో దిగాను. నా వెనకే వదిన.

ఒడ్డెక్కేసరికి నా బూటు కట్టు ఊడిపోయింది. విసుగొచ్చి సంచీని రాళ్ల మీద దబ్బున పడేశాను. గంట వెళ్లి, పక్కనే వేలాడుతున్న రేకు గ్లాసుకి కొట్టుకుంది. టంగ్, టంగ్. నేనది పట్టించుకోలేదు. నా దృష్టంతా బూటు మీదే ఉంది. అప్పుడే పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. వదిన అప్పటికి ఒడ్డెక్కి, రెయిన్‌కోటు టోపీ తలమీదికి లాక్కుంటోంది.

"పద పద, బస్సు పోతుంది!" అంది.

నేను ముడి బిగించి, సంచీ ఎత్తుకుని ముందుకి నడిచాను. ఇవాళ వెనకున్నది వదిన కదా, కుక్కని ఆవిడే తీసుకొస్తుందనుకున్నాను. ఆవిడేమో రెండుసార్లు మోగిందని విన్నది. విన్న మరుక్షణం ఆవిడ పాదం కదిలింది. వెనక్కి తిరగలేదు. ఆవిడ ఎప్పుడు తిరిగింది గనక?

వాన దంచికొట్టింది. బాట నిండా నీళ్లు. టోపీల మీద పడే చప్పుడుకి మా మాటలే మాకు వినపడ్డం లేదు. అయినా నేను ఊరుకోలేదు. అన్నయ్యని, బూటుని, అడవిని, నన్ను ఇక్కడికి తెచ్చిన వదినని కలిపి తిట్టుకుంటూ నడిచాను. దిగువకి చాలా దూరం వచ్చేశాక, నరికిన దుంగలు పేర్చి ఉన్న చోట బాట వెడల్పైంది. బస్సు రోడ్డు అక్కణ్నుంచి ఎంతో లేదు. హాఫ్‌టికెట్టు కోసమని చివరిదాకా దాచిన బిస్కెట్ల పొట్లం ఒకటి నా దగ్గరుంది. నడక అయిపోవచ్చింది, వాడికి విందు చేద్దామని పొట్లం తీసి వెనక్కి తిరిగాను.

వదిన ఉంది. వదిన వెనక ఖాళీ బాట ఉంది.

"వాడేడి?" అన్నాను.

"వాడేడేంటే, నా వెనకే..." అంటూ వదిన తిరిగింది. నాకు ఆవిడ వీపు మాత్రమే కనిపిస్తోంది.

"నువ్వు రెండుసార్లు కొట్టావు కదా" అంది, ఇటు తిరక్కుండానే.

"నేనెక్కడ కొట్టాను? వెనకున్నది నువ్వు. నువ్వే పిలుస్తావనుకున్నా."

"కొట్టావే! నేను విన్నాను. ఒడ్డెక్కుతుంటే టంగ్ టంగ్ అని..."

నా చెయ్యి సంచీ పక్కకి వెళ్లింది. గంట, దాని పక్కనే రేకు గ్లాసు. తగిలీ తగలని ఆ చిన్న మోత నీళ్ల చప్పుడు దాటి బండ దాకా చేరి ఉండదు. గ్లాసుని పట్టుకుని వదినకి చూపించాను. ఇటు తిరిగి చూసేసరికి ఆవిడకి అర్థమైంది.

"వదినా, వాడు తెలివైనవాడు. నీళ్లు పెరిగితే వాడే లేచి వచ్చేస్తాడు. దారిలో ఎదురొస్తాడు చూడు" అన్నాను గబగబా.

"రాడు" అంది వదిన. "తోక దాకా బస్సొస్తే లేవలేదు."

సంచీ దుంగల మీద పడేసి పరుగు మొదలుపెట్టింది. నేను తాడు తీసుకున్నాను. రాత్రిళ్లు తిండి సంచీని జంతువులకి అందకుండా చెట్టుకొమ్మకి కట్టే తాడు అది. గంట మెడలో వేసుకున్నాను. బూటు రెండో మలుపులోనే ఎటో పోయింది, దాన్ని తిట్టే తీరిక కూడా లేదు. ప్రతి మలుపులోనూ వాడు చెవులు వేలాడేసుకుని ఎదురొస్తాడని చూశాను. ప్రతి మలుపులోనూ బురద నీళ్లే ఎదురొచ్చాయి. అంత వయసు మనిషి అంత ఏటవాలు దారిలో ఎలా పరిగెత్తిందో నాకిప్పటికీ తెలియదు. నేను వెనకపడ్డాను. ఆవిడ ఏడుస్తోందని మాత్రం భుజాలు చూస్తే తెలిసింది.

వాగు కనపడకముందే వినపడింది. మేం వదిలి వెళ్లినప్పుడు దానికి అంత గొంతు లేదు. ఒడ్డుకి చేరేసరికి రెండు పాయలూ కలిసి ఒకటే ఎర్రటి ప్రవాహమైపోయాయి. కొమ్మలు, గడ్డి, వేర్లతో సహా చిన్న చెట్లు కొట్టుకొస్తున్నాయి. బండ దాదాపు మునిగిపోయింది. దాని నెత్తిన, పొట్ట దాకా నీళ్లలో, హాఫ్‌టికెట్టు కూర్చుని ఉన్నాడు. మేం వెళ్లిన వైపే చూస్తున్నాడు.

మమ్మల్ని చూడగానే వాడి తోక నీళ్లలో కొట్టుకుంది. ముందుకాళ్లు కదిలాయి. లేవబోయాడు.

నా చెయ్యి గంట మీదికి వెళ్లింది. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"రెండు కొట్టకు! దూకేస్తాడు. దూకితే దక్కడు."

నిజమే. ఆ నీళ్లలో వాడు ఈదగలిగేది ఏమీ లేదు. దిగువన రాళ్ల మధ్య వాగు తెల్లగా నురగలు కక్కుతోంది. పిలిస్తే పోతాడు, పిలవకపోతే మునుగుతాడు.

"ఒకటి కొట్టు" అంది.

కొట్టాను. హాఫ్‌టికెట్టు మా వైపు చూశాడు, గంట వైపు చూశాడు, మళ్లీ ఆ నీళ్లలోనే కూర్చున్నాడు. ఈసారి నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. అంతకంటే పాపిష్టి పని నేను నా జన్మలో చెయ్యలేదు.

వదిన తాడు ఒక కొసని నడుముకి కట్టుకుంది. బండకి కాస్త ఎగువన ఒడ్డు మీదున్న చెట్టుకి రెండో కొసని చుట్టి, మిగిలిన తాడు నా చేతికిచ్చింది. గొంతు మాత్రం డ్రైవరు గొంతే.

"నేను వెనక్కి తిరిగి చూడలేను. చూస్తే కాలు జారుతుంది. పైనుంచి ఏం కొట్టుకొస్తుందో నువ్వే చూడాలి. ఏదైనా వస్తుంటే ఒకటి కొట్టు, ఆగిపోతా. అది పోయాక రెండు కొట్టు, కదులుతా. వాణ్ని అందుకున్నాక చెయ్యెత్తుతా."

"సరే వదినా."

"చూస్తావుగా?"

"చూస్తాను. వెళ్లు."

కర్ర ఆనించుకుంటూ నీళ్లలోకి దిగింది. మోకాళ్లు, తొడలు, నడుము. ఒక్కో అడుగుకీ ముందు కర్ర, తర్వాత కాలు. నేను చెట్టుకి కాళ్లు తన్నిపెట్టి తాడు కొద్దికొద్దిగా వదులుతున్నాను. కళ్లు మాత్రం ఎగువ మీదే. సగం దూరం వెళ్లిందో లేదో, మలుపులోంచి ఒక దుంగ వచ్చింది. బస్సు చక్రమంత లావుంది. తిన్నగా ఆవిడ దారిలోకే వస్తోంది. గంట ఒకసారి కొట్టాను. వదిన ఉన్నచోట కట్టేసినట్టు ఆగిపోయింది. దుంగ ఆవిడ ముందు నుంచి, చేతికి అందేంత దగ్గరగా దొర్లుకుంటూ పోయింది.

ఇక రెండు కొట్టాలి. గంట ఎత్తాను. అప్పుడు వెలిగింది నాకు. రెండు కొడితే వదిన కదులుతుంది, సరే. కుక్క కూడా కదులుతుందిగా!

గంట నాలుకని గుప్పిట్లో పట్టేసుకున్నాను. వదినకి ఆ సంగతి తట్టలేదు. బస్సుల మధ్య బతికిన మనిషికి గంట అంటే ఆపడం, పోనివ్వడం, అంతే. ఇప్పుడు ఆవిడ నీళ్ల మధ్యలో నిలబడి నా రెండు మోతల కోసం ఎదురు చూస్తోంది. బండ మీద హాఫ్‌టికెట్టు కూడా అవే రెండు మోతల కోసం ఎదురు చూస్తున్నాడు. నీళ్లు వాడి మెడ దాకా వచ్చాయి. "వదినా, పద!" అని గొంతు చించుకున్నాను. ఆ హోరులో నా అరుపు నాకే వినపళ్లేదు. ఆవిడ తిరగలేదు. తిరగనని చెప్పింది కదా, అన్న మాట మీద నిలబడింది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఒక్కసారి, నీ జీవితంలో ఈ ఒక్కసారికి, వెనక్కి తిరిగి చూడరాదా అని అరిచాను.

చేతిలో తాడు ఉంది. దాని అవతలి కొసన వదిన ఉంది. బస్సులో కండక్టరు లాగేదీ తాడునే కదా! తాడు బిగబట్టి రెండుసార్లు గట్టిగా గుంజాను.

వదిన పాదం కదిలింది.

ఆ తర్వాత ఇంకోసారి ఆగాల్సొచ్చింది, చిన్న చెట్టొకటి వేళ్లతో సహా వస్తే. గంట ఒకటి, తాడు రెండు. ఇద్దరం ఒక బండిలా నడిచాం. బండ దగ్గరికి చేరి వదిన రెగ్జిన్ సంచీ పట్టీ అందుకుంది. లాగింది. వాడు రాలేదు. నాలుగు కాళ్లూ బండకి తన్నిపెట్టి కూర్చున్నాడు, ఆవిడ చేతిని నాకుతూ. వదినేగా పట్టుకుంది, అయినా రెండు మోగలేదు కదా. వదిన చెయ్యెత్తింది.

ఇక ఇద్దరి బరువూ తాడు మీదే పడుతుంది, గంటకి ఒక చెయ్యి కావాలి. తాడుని నా నడుము చుట్టూ తిప్పి చెట్టుకి ఒరిగాను. గంట పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి రెండుసార్లు కొట్టాను. హాఫ్‌టికెట్టు ఒక్క ఉదుటున లేచాడు. వదిన వాడి సంచీని రెండు చేతులా కౌగిలించుకుని నీళ్లలో పడిపోయింది. తాడు నా పక్కటెముకల్ని కోసేసింది. ప్రవాహం ఇద్దర్నీ ఈడ్చుకుపోయింది. తాడు పొడవు అయిపోయిన చోట గిర్రున తిప్పి, దిగువన ఒడ్డుకి విసిరికొట్టింది. సంచీ ఒకవైపు జేబు చిరిగిపోయింది గానీ పట్టీ కుట్టు ఊడలేదు. నా కుట్టు గురించి నేను చెప్పుకోకూడదు గానీ, ఊడలేదు.

నేను పడుతూ లేస్తూ వెళ్లేసరికి వదిన బురదలో వెల్లకిలా పడి దగ్గుతోంది. హాఫ్‌టికెట్టు ఆవిడ పొట్ట మీద. నాకు ప్రాణం లేచొచ్చింది. వాడు లేచి ఒళ్లు దులపబోయి, కాళ్లు నిలవక కూలబడ్డాడు. వదిన వాడి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"రెండు మోగకుండానే బండి కదిలించానే" అంది. "ఇన్నేళ్లలో ఎప్పుడూ చెయ్యలేదు. ఇవాళ చేశాను."

"మోగింది వదినా. గ్లాసు మోగించింది."

"మోగిస్తే మాత్రం? తిరిగి చూస్తే నా మెడేమైనా విరిగేదా?"

ఎన్నాళ్ల నుంచో నేను అడగాలనుకున్న మాట అది. ఆవిడే అనేసరికి అస్సలు సంతోషం కలగలేదు. పక్కన కూర్చుని ఆవిడ వీపు రాశాను.

వాడు నడవలేకపోయాడు. చెరికాసేపు మోసుకుంటూ దిగాం. ఇప్పుడు వదిన నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి నన్ను చూసేది. "ఉన్నావా?" అని అడిగేది. "ఇదిగో" అనేదాన్ని. బస్సు ఎప్పుడో పోయుంటుందనుకున్నాం. తీరా చూస్తే వానకి దారిలో చెట్టు పడి అది ఆలస్యమైందట, మేం రోడ్డెక్కేసరికి అప్పుడే వస్తోంది. ఆ రోజు వాన మాకు చేసిన మేలు అదొక్కటే.

"కుక్కని ఎక్కించడం కుదరదమ్మా" అన్నాడు కండక్టరు.

బురదలో ముంచి తీసినట్టున్న ముగ్గుర్నీ డ్రైవరు ఒకసారి ఎగాదిగా చూశాడు. "ఎక్కనీవయ్యా, ఈ వానలో ఎక్కడికి పోతారు" అన్నాడు.

అడవి రూటు కాబట్టి అది పాత బస్సు. ఇంకా తాడు గంటే. మేం వెనక సీట్లో కూలబడ్డాం. హాఫ్‌టికెట్టు వదిన కాళ్ల దగ్గర తల వాల్చి పడుకున్నాడు. కండక్టరు రెండుసార్లు తాడు లాగాడు. వాడు ఉలిక్కిపడి, వణుకుతున్న కాళ్లతో లేచి నిలబడ్డాడు. తర్వాతి స్టాపులో ఒకసారి మోగింది, కూర్చున్నాడు. మళ్లీ రెండు, మళ్లీ లేచాడు. వదిన వంగి వాడి చెవులు రెండు చేతులతో మూసింది. అయినా వాడికి వినపడుతూనే ఉంది. ఒక్కో స్టాపుకీ వదిన ముఖం చూడలేక నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఊళ్లో బస్‌స్టాండు చేరాక కండక్టరు చివరిసారి తాడు లాగాడు. ఒకసారే. హాఫ్‌టికెట్టు నిటారుగా కూర్చున్నాడు. జనం మూటలు తీసుకుని దిగిపోయారు. బస్సు ఇక కదలదు కాబట్టి రెండు మోతలు ఉండవు. నేను మెడలోంచి గంట తీసి ఎత్తాను.

వదిన నా చేతిని పట్టుకుని ఆపింది.

"వద్దే. వాగు దగ్గర వాణ్ని అడక్కుండానే కదిలాను. ఈసారి వాడు లేచాకే కదులుదాం" అంది. సీటు మీంచి దిగి, తడి బట్టలతో అలాగే బస్సు నేల మీద వాడి పక్కన కూర్చుంది.

"చివరి స్టాపమ్మా, దిగండి!" అని అరిచాడు డ్రైవరు ముందు నుంచి.

"దిగుతాం బాబూ, కాస్త ఆగు."

"ఎంతసేపమ్మా?"

"వీడు లేచేదాకా."

డ్రైవరు వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. తర్వాత చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు.